వంతెన మీద పన్నెండో పుట్టినరోజు

పిల్లల పుస్తకాలు వేసే ఆ ఆఫీసులో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవాళ్లు. వచ్చిన రాతప్రతిని వచ్చినట్టు వదలదని, ఎడాపెడా కోసేస్తుందని. ఇంట్లో మాత్రం ఆమె పిన్ని. అలా పిలిచేది అక్క కూతురు ఒక్కతే. చిన్నప్పుడు గుండ్రంగా ఉండేదని ఆ పిల్లకు బుడంకాయ అని పేరు పెట్టారు. ఇప్పుడు వెదురుబద్దలా సాగినా ఆ పేరు పోలేదు.

పదేళ్లుగా కత్తెరమ్మ బల్ల మీదికి వచ్చేవన్నీ మహిమలున్న పిల్లల కథలే. చదివి చదివి వాటి నాడి పట్టేసింది. కథలోని బిడ్డకు అమ్మానాన్నా ఉండరు. పెద్ద ప్రమాదంలో అందరూ పోగా ఆ బిడ్డ ఒక్కటే మిగులుతుంది. ఒంటి మీద ఏదో గుర్తు ఉంటుంది. పెంచినవాళ్లు అసలు సంగతి దాస్తారు. పన్నెండో ఏడు రాగానే ఎక్కణ్ణుంచో పిలుపొస్తుంది. అమ్మ వస్తువొకటి పట్టుకుని, ఇంట్లో చెప్పకుండా, అమ్మానాన్నా పోయిన చోటికి వెళితే అక్కడ తలుపు తెరుచుకుంటుంది.

"ఊరి పేరు మారిస్తే చాలు, కథ అదే," అని బొమ్మలేసే ఆయనతో నవ్వేది.

"నా పనీ అంతేనమ్మా. జుట్టు మారిస్తే చాలు, మొహం అదే," అనేవాడాయన.

ఈమధ్య ఆ నవ్వు ఆగిపోయింది. ఆమె ఇంటికి తెచ్చుకునే రాతప్రతులన్నీ బుడంకాయ చదివేస్తోంది. నెల రోజులుగా ఒకటే ప్రశ్నలు.

"పిన్నీ, నా భుజం మీద గుర్తు బాణం మొనలా లేదూ?"

"ఏమోనే. ముందు తిను."

"అమ్మానాన్నా పోయిన ఆ బస్సు వంతెన మీంచి నదిలో పడ్డప్పుడు నేనొక్కదాన్నే ఎలా బయటపడ్డాను?"

"చల్లారిపోతోంది, తినమన్నానా."

రెండిటికీ జవాబు ఆమెకు తెలుసు. చెప్పడానికే నోరు పెగల్లేదు. పుట్టినరోజు దగ్గరపడే కొద్దీ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. ఇవాళ చెప్పేయాలి అనుకునేది. అంతలో కుక్కర్ కూత పెట్టేది, లేదా ఎవరో తలుపు కొట్టేవాళ్లు. ఏదీ లేకపోతే తనే గిన్నెలు ముందేసుకుని కూర్చునేది.

పుట్టినరోజు నాడు బుడంకాయ ఎప్పటికంటే ముందే లేచింది. కొత్త గౌను వద్దని పాత నీలం చొక్కా వేసుకుంది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి పిన్నిని గట్టిగా వాటేసుకుంది. రోజూ చేసే పని కాదది. ఆఫీసుకు వెళ్లేదాకా ఆమెకు ఆ సంగతి తట్టలేదు. తట్టాక ఇక కుదురు లేదు. చేతిలో ఉన్న పేజీనే నాలుగుసార్లు చదివింది. పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

పదకొండింటికి బడి నుంచి గుమాస్తా ఫోన్. "మీ అమ్మాయి ఇవాళ రాలేదు. ఒంట్లో బాగాలేదా అండీ?"

ఆమె చెప్పులు ఎలా వేసుకుందో, మెట్లు ఎలా దిగిందో తెలియదు. ఇంటికొచ్చి చూస్తే మంచం మీద స్కూలు పుస్తకాలు దొంతిగా పేర్చి ఉన్నాయి. బీరువా తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల అక్క చేతిగడియారం లేదు. ముల్లు ఆగిపోయి తొమ్మిదేళ్లయింది దానికి. పిల్ల ఎక్కడికి పోయుంటుందో ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఆ కథలన్నీ దిద్దింది తనే.

టాక్సీ డ్రైవర్ని ఆ వంతెన దగ్గరికి తోలమంది. "త్వరగా వెళ్లండి బాబూ," అని మూడుసార్లు అంది.

"ముందు లారీ ఉందమ్మా, ఎగరమంటారా," అన్నాడతను.

వంతెన నడిబొడ్డున, కాలిబాట మీద, కమ్ములకు వీపు ఆనించి కూర్చుని ఉంది బుడంకాయ. చేతికి పెద్ద గడియారం వేలాడుతోంది. పక్కనే టిఫిన్ డబ్బా ఖాళీగా ఉంది. లారీ పోయినప్పుడల్లా వంతెన వణుకుతోంది. కమ్ములకు ఇవతలే ఉందని చూశాక ఆమె నడక నెమ్మదించింది. తిడదామని దగ్గరికెళ్లి, పిల్ల పక్కనే చతికిలపడింది.

"నువ్వు రాకూడదు పిన్నీ," అంది బుడంకాయ నెమ్మదిగా. "నువ్వుంటే తెరుచుకోదు."

"పొద్దుట్నుంచీ తెరుచుకుందా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీ భుజం మీద ఉన్నది పుట్టుకతో వచ్చింది కాదే," అంది ఆమె. "నేను కాల్చాను. నీకప్పుడు రెండేళ్లు. అక్క నిన్ను నాకప్పగించి బజారుకెళ్లింది. నేను ఇస్త్రీ చేస్తూ ఫోన్లో కబుర్లలో పడ్డాను. నువ్వు వైరు లాగావు. పెట్టె మొన తగిలింది."

"పుట్టుకతో వచ్చిందన్నావుగా."

"మొదటిసారి నువ్వు అడిగినప్పుడు సిగ్గేసింది. అబద్ధం చెప్పాను."

బుడంకాయ కొంచెం దూరం జరిగింది. "మరి బస్సు?"

"ఆ బస్సులో నువ్వు లేవు. ఉన్నావని నేనెప్పుడూ చెప్పలేదు. నువ్వే అనుకున్నావు, నేను కాదనలేదు. నువ్వు ఇంట్లో నా దగ్గరే ఉన్నావు."

ఆ పిల్ల ఏడవలేదు. భుజం మీద చేయి వేసుకుని, కమ్ముల వైపు తిరిగి కింద నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది.

"కాల్చినందుకు అమ్మ ఏమంది?"

"మూడు నెలలు నా మొహం చూడలేదు."

"మళ్లీ నీ దగ్గర ఎందుకు వదిలింది?"

కత్తెరమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "తెలియదే. నేనే వద్దన్నాను, భయమేసింది. అక్క వినలేదు. 'ఇప్పుడు నీకంటే జాగ్రత్తగా చూసేవాళ్లు ఎవరూ ఉండరు' అని నిన్ను నా ఒళ్లో పడేసి బస్సెక్కింది."

"నన్నూ తీసుకెళ్లుంటే?"

ఆమె ఖాళీ టిఫిన్ డబ్బా మూత బిగించి లేచింది.

తిరుగు బస్సులో బుడంకాయ ముందు సీట్లో వేరేగా కూర్చుంది. ఇంటికొచ్చాక అన్నం తింది, కంచం తనే కడుక్కుంది. కత్తెరమ్మ బడికి సెలవు చీటీ రాయడానికి కూర్చుంది. లోకంలో అందరి వాక్యాలూ దిద్దే మనిషికి రెండు వాక్యాలు కుదరలేదు. చివరికి 'జ్వరం వల్ల' అని రాసింది.

వెనక నుంచి వచ్చి చూసింది బుడంకాయ. "మళ్లీ అబద్ధమా?"

ఆమె ఆ కాగితం చించి ఇంకోటి తీసుకుంది. 'మా అమ్మాయి తన అమ్మానాన్నా పోయిన చోటు చూడటానికి వెళ్లింది' అని రాసి చూపించింది.

పిల్ల రెండుసార్లు చదివింది. ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుని 'చూడటానికి' అన్న మాట కొట్టేసింది. "నేను వెళ్లింది చూడటానికి కాదుగా," అంది. ఏదో రాయబోయి ఆగింది. పెన్ను బల్ల మీద పెట్టేసి, "ఏం రాయాలో రేపు చెప్తా," అని తన గదిలోకి వెళ్లిపోయింది. తలుపు మాత్రం వేసుకోలేదు.