ఒక్కసారీ లేదు

“ఏడో క్లాసు పిల్లల చేత గీతలు గీయించడానికి ఇంత హడావిడి ఏటి నీలిమా?” అన్నారు మా ఆయన ఉదయ్‌కుమార్, పేపరులోంచి తల ఎత్తకుండా.

నేను ఒక చేత్తో దోసె తిరగేస్తూ, రెండో చేత్తో గట్టు మీది కాగితంలో గడులు గీసుకుంటున్నాను. ఆ వారం డబుల్ బార్ గ్రాఫులు చెప్పాలి. పుస్తకంలో ఉన్నవి ఎవరివో మార్కులు, ఎక్కడివో వానలు. పిల్లలు తమ ఇళ్ళ నుంచే వివరాలు తెస్తే బాగుంటుందనిపించి, తేలికైన ప్రశ్న ఒకటి రాశాను. గత నెలలో అమ్మ ఎన్నిసార్లు, నాన్న ఎన్నిసార్లు, ఏ పనీ పెట్టుకోకుండా సరదా కోసం బయటికి వెళ్ళారు? ముందు మా ఇంటి లెక్కే రాసి బోర్డు మీద చూపిద్దామనుకున్నాను.

ఆయన హుషారుగా లెక్కపెట్టారు. ఆదివారాలు క్రికెట్టు, షిఫ్టు దిగాక స్నేహితులతో టీ, రెండు సినిమాలు, బీచి. “పద్నాలుగు రాసుకో.”

“మరి నాకు?”

“నీకేటి, రోజూ స్కూలుకి ఎల్తన్నావు కదా. అదంతా షికారే.”

గాజువాక నుంచి రెండు బస్సులు మారి, సగం దూరం నిలబడి, హార్బరు పక్కనున్న మా స్కూలుకి వెళ్తాను. మా అత్తగారు రామలక్ష్మమ్మకి నా మీద జాలేసినట్టుంది. “మొన్న సింహాచలం ఎల్లేం కాదేటి? అదీ రాసీ,” అన్నారు. వెళ్ళాం. నా భుజానికి ఆవిడ మందుల సంచి, చేతిలో పులిహోర డబ్బా. దర్శనం వరసలో ఆవిడ ఎక్కడ తూలిపోతారోనని ఆవిడ కాళ్ళ వంకే చూస్తూ నడిచాను. స్వామి ఎదుట నిలబడినప్పుడు కూడా చూపు కిందే ఉంది. దోసె మాడింది. కాగితం మీద నా పేరు పక్కన నాలుగు అని రాసుకున్నాను. ఏ నాలుగో నాకే తెలీదు. ఆ అంకె బోర్డు మీద మరీ చిన్నగా కనపడకూడదు, అంతే. ఆ రోజు క్లాసులో మా ఇద్దరి అంకెలూ బోర్డు మీద వేసి, పిల్లల్ని ఇంట్లో అడిగి రాసుకు రమ్మన్నాను.

మర్నాడు ముప్ఫై నలుగురు పిల్లలూ కాగితాలు తెచ్చారు. ఆశ కాగితం మీద అమ్మ గడిలో రబ్బరుతో రుద్ది రుద్ది చిరుగు పట్టింది. దాని మీద మూడు అని రాసి ఉంది.

“ఇదేమిటమ్మా, మార్చావు?”

ఆశ తల వంచుకుంది. వాళ్ళమ్మ పోతమ్మ హార్బరులో చేపలమ్ముతుంది. “ముందు సున్నా ఏసేను టీచర్. అమ్మ ఏళ్ళు ముడిసి ముడిసి సూసింది. రేవుకెల్లేను, నానమ్మని ఆసుపత్రికి తీసుకెల్లేను, రేషనుకెల్లేను, అయ్యి రాయొచ్చా అనడిగింది. పనైతే రాయకూడదన్నారు టీచరు అన్నాను. అప్పుడు ఏడిసింది. టీచరమ్మకి నాలుగుంటే నాకు సున్నా ఏటే, మూడెయ్యి, అంది.”

ముఖం మీద ఎవరో కొట్టినట్టయింది. ఎప్పుడూ నన్ను చూడని ఆడమనిషి, నా అబద్ధాన్ని చూసి సిగ్గుపడి తన నిజాన్ని చెరుపుకుంది. అందరూ ఇంతో అంతో సుఖంగానే ఉన్నారు, లేనిది నాకొక్కదానికే అని పెళ్ళయిన ఈ పదిహేడేళ్ళుగా నేను ఎందరి ముఖాలు చూసి అనుకున్నానో. వాళ్ళూ నన్ను చూసి అలాగే అనుకున్నారేమో. వాకిట్లో ముగ్గేస్తూ పలకరించే ఎదురింటావిడా, స్టాఫ్ రూములో టిఫిను డబ్బా ముందు నవ్వుతూ కూర్చునే మేమందరమూ.

లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాను. డస్టరు తీసుకుని నా నాలుగు చెరిపేసి, సున్నా పెట్టాను.

“నిన్న నేను తప్పు రాశాను,” అన్నాను. “గ్రాఫ్ ఎంత చక్కగా గీసినా, కింద రాసింది నిజం కాకపోతే అది వట్టి బొమ్మ.”

వెనక బెంచీలోంచి అనూరాధ లేచింది. “టీచర్, మా అమ్మదీ మార్సాలి.” ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. ఒక్క రబ్బరు నాలుగు బెంచీలు తిరిగింది.

పట్టిక వేసి, గీతలు పెట్టి, ఐదేసి చొప్పున కట్టలు కట్టి లెక్క తేల్చాం. ‘ఒక్కసారీ లేదు’ అన్న చోట నాన్నలు ఇద్దరు, అమ్మలు ఇరవై ఆరుగురు. నాన్నలకి ఆకుపచ్చ, అమ్మలకి ఎరుపు. ఎర్ర బారు చార్టు పైఅంచు దాటిపోయింది.

“ఒక గడికి ఇద్దర్నేస్తే సరిపోద్ది టీచర్,” అంది ఆశ. స్కేలు అలా మార్చుకోవచ్చని నేర్పింది నేనే. ఆ రోజు మాత్రం వద్దన్నాను. పైన ఇంకో ముక్క అతికించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క గడి గీయించాను. చివర్న నాకూ ఒకటి.

శనివారం తల్లిదండ్రుల సమావేశం. అందరూ వెళ్ళిపోయాక ఆశని వెంటబెట్టుకుని పోతమ్మ వచ్చింది. చేపల బుట్ట గుమ్మం బయట దించి, చెంగుతో చేతులు తుడుచుకుని చార్టు ముందు నిలబడింది.

“ఇందులో నానెక్కడున్నానే?”

ఆశ ఎర్ర బారు చూపించింది. పోతమ్మ కింది నుంచి వేలు పెట్టి ఒక్కొక్క గడే తాకుతూ పైకి వెళ్ళింది. “ఇంతమందిమా?” అంది మెల్లగా. “నాకొక్కదానికే అనుకున్నాను టీసరమ్మా.” వేలు అతికించిన ముక్క చివర ఆగింది. “ఇదెవులిది?”

“నాది.”

నా ఇస్త్రీ చీరనీ, చేతి గడియారాన్నీ చూసింది. “ఉజ్జోగం సేత్తన్నావు కదమ్మా!” అని నా మణికట్టు పట్టుకుంది. ఉప్పుకి పగిలిన అరచెయ్యి.

“కాసేపు అలా ఒడ్డున కూర్చుందాం రా పోతమ్మా,” అన్నాను.

“బుట్టలో సేపలున్నాయి. ఇంకో దినం,” అని బుట్ట నెత్తికెత్తుకుంది. ఆ దినం రాదని ఇద్దరికీ తెలుసు.

నేను బస్టాపుకి వెళ్ళలేదు. నడుచుకుంటూ బీచికి వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంచి జిప్పు తీశాను, వేశాను. మళ్ళీ తీశాను. చుట్టూ మనుషులు నవ్వుతున్నారు. నాకు ఏడుపొస్తోంది. ఫోను మోగింది.

“ఎక్కడున్నావు? అమ్మ టీ అడుగుతంది.”

“బీచిలో.”

“బీచిలోనా? అక్కడేటి పని?”

“పనేం లేదు. కూర్చున్నాను.”



“నీలిమా, ఒంట్లో బాగోలేదేటి? కదలకు, నాను వచ్చి తీసుకొచ్చేత్తాను.”

పదిహేడేళ్ళలో ఆయన గొంతులో నా కోసం అంత భయం ఎప్పుడూ వినలేదు.

“బాగానే ఉన్నాను. చీకటి పడ్డాక వస్తాను,” అన్నాను.

ఆయన నమ్మలేదు.