హోర్డింగు మీది తండ్రి

"ఆ షూటింగు లైటు ఊడి పసిదాని మీద పడితే ఏం చేస్తామే?"

"అమ్మా, దాన్నింకా పెట్టెలోంచి తియ్యనే లేదు" అంది కూతురు.

తియ్యకపోతే మాత్రం? తీస్తారుగా. తీగ తగిలి షాకు కొడితేనో, ఆ వెలుగుకి పసికళ్ళు చెదిరితేనో! ఒకటి పోతే ఇంకొకటి, తల్లి భయాలకు కరువు లేదు. తన కుట్టు కొట్టుకు తాళం వేసి, కూతురి పురిటికని పక్క ఊరి నుంచి వచ్చింది. బిడ్డకు నాలుగు నెలలు దాటినా తిరిగి వెళ్ళలేదు.

అల్లుడిది ప్రకటనల కంపెనీలో పెద్ద ఉద్యోగం. డైపర్లు అమ్మేవాళ్ళు ఈసారి ప్రకటనలో అమ్మ వద్దన్నారట. అమ్మలు పాతబడిపోయారట, ఇప్పుడు నాన్నలైతేనే సరుకు కదులుతుందట. "నటులెందుకు? నేనున్నాను, నా ఇల్లుంది, నా బిడ్డుంది" అన్నాడట అల్లుడు. కింద వేసే మాట కూడా తనే రాశాడు: 'పెంపకంలో సగం నాది.' ఆ సగం ఏ మూల దాచాడో గానీ, ఇన్నాళ్ళలో అత్తగారి కంట పడలేదు.

షూటింగు మొదలైంది. అల్లుడు చేతుల్లోకి తీసుకోగానే బిడ్డ ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఏడవదా మరి? దాని దృష్టిలో ఆయన పొద్దున్న సెంటు వాసనతో వెళ్ళి, చీకటి పడ్డాక ఫోనుతో వచ్చే చుట్టం. చివరికి అత్తగారు కెమెరా కింద చతికిలబడి, నెత్తిన తువ్వాలు కప్పుకుని "బూచీ!" అంటే కిలకిలా నవ్వింది.

"అబ్బ! తండ్రీబిడ్డల అనుబంధమంటే ఇదీ!" అన్నాడు దర్శకుడు.

ఆ అనుబంధం మోకాళ్ళు పట్టేసి, సోఫా ఊతంతో మూలుగుతూ లేచింది.

కూతురు వంటింట్లో వచ్చినవాళ్ళందరికీ కాఫీ కలుపుతోంది. ఈలోపు డైపరు అల్లుడే తొడిగాడు, ముందువైపు వెనక్కి తిప్పి. బొడ్డు దగ్గర ఉండాల్సిన పట్టీలు నడుము వెనక అతుక్కున్నాయి. అత్తగారు చూసింది. చెబితే నలుగురిలో చిన్నబుచ్చుకుంటాడేమో, ఆ కోపం కూతురి మీద తీర్చుకుంటాడేమో అని నోరు కట్టేసుకుంది. మిగతా మగమహారాజులంతా వెలుగు సరిపోయిందా లేదా అన్నదే చూశారు.

పదిహేను రోజులకు వీధి మలుపులో హోర్డింగు లేచింది. రెండంతస్తుల ఎత్తున అల్లుడు, ఆయన భుజం మీద బిడ్డ, బిడ్డ నడుము వెనక ఆ పట్టీలు.

"మీ మనవరాలు వెనక్కి నడిచే రకమా పెద్దమ్మగారూ?" అంది మందుల షాపామె, నవ్వాపుకోలేక. వీధిలో ఆడవాళ్ళంతా నవ్వారు. అల్లుడి ఆఫీసులో మాత్రం కేకు కోశారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర కూతురు అసలు మాట ఎత్తింది.

"పురిటి సెలవు అయిపోయింది, రేపు నేను లాబులో మళ్ళీ చేరకపోతే ఉద్యోగం ఊడుతుంది. క్రెష్‌లో ఆర్నెల్లు నిండితేగాని పిల్లల్ని తీసుకోరు. ఒక్క నెలే కదా. మీ ఆఫీసులో తండ్రులకిచ్చే సెలవు అలాగే ఉంది, పెట్టండి."

"సెలవా? ఇప్పుడా?" అల్లుడు నవ్వాడు. "హోర్డింగు ఇప్పుడే కదా ఎక్కింది! ఇలాంటివి ఇంకో మూడు తియ్యమంటున్నారు. అయినా అత్తయ్యగారు ఉండగా మనకు దిగులేంటి? ఏమంటారు అత్తయ్యగారూ?"

కూతురు కంచంలో మెతుకులు కెలుకుతోంది.

తల్లికి మళ్ళీ భయాలు మొదలయ్యాయి. కాదంటే ఏమవుతుంది? అల్లుడు అలుగుతాడు. ఇద్దరూ పోట్లాడుకుంటారు. కూతురు ఉద్యోగం మానేస్తుంది. ఈయన చేతుల్లోంచి పిల్ల జారిపోతుంది. తను ఎక్కిన బస్సు బోల్తా పడుతుంది. ఒక్కో ఘోరమూ కళ్ళముందు కదిలింది. అల్లుడు రెండోసారి వడ్డించుకుని, తిని, చేయి కూడా కడుక్కున్నాడు. ఆమె ఇంకా కిటికీలోంచి బయటికే చూస్తోంది. అక్కడ హోర్డింగు మీదా ఆయనే, ఎండలో పళ్ళన్నీ మెరిపిస్తూ.

"ఏంటత్తయ్యగారూ, పలకరు?"

"రేపు పొద్దున్న బస్సుకి వెళ్ళిపోతున్నా బాబూ" అంది. "కొట్టు తాళం తుప్పు పట్టి ఉంటుంది. మీ సగం మీరు చూసుకోండి. పట్టీలు మాత్రం ముందుకు రావాలి."