ఖాళీ అయిన గడి

అక్కను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారని పై అంతస్తు నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఆస్పత్రి కంప్యూటర్ గదిలోనే ప్రోగ్రామర్‌గా పనిచేసే చెల్లెలు, ఊరికే కూర్చోలేక అక్క వివరాలు తెర మీదికి తెచ్చింది. పేరుంది. వయసుంది. 'పడని మందులు' అన్న గడి ఖాళీగా ఉంది.

అక్కకు పెన్సిలిన్ పడదు. పొద్దున చేర్చేటప్పుడు ఆ మాట టైపు చేసింది తనే. ఆ తర్వాత ఆ వివరాలు వెళ్లేది రోగుల చేతిపట్టీలు ముద్రించే ప్రొసీజర్ అనే ప్రోగ్రాం ముక్కకే.

"తాతగారూ, చేతిపట్టీలు ముద్రించే ప్రొసీజర్‌ని ఎవరైనా ముట్టుకున్నారా?"

పక్క కుర్చీలోని సీనియర్‌కు ఆఫీసు పెట్టిన పేరది. మనిషికి యాభై కూడా నిండలేదు.

"నేనేనమ్మా, నిన్న. పట్టీ మీద చోటు చాలట్లేదంటే 'పడని మందులు' గడి అక్కడ ఖాళీ చేయించా. కంపైలర్ ఒకటే గోల. కాన్‌స్ట్ అన్న మాట తీసేశాక నోరు మూసుకుంది."

ఆమె చెయ్యి ఫోన్ మీదికి వెళ్లింది. రోగి వివరాలన్నీ కలిపి ఒకే డేటా స్ట్రక్చర్, ఒకే మూట. వాళ్ల ప్రోగ్రాములు రాసిన ఆర్‌పీజీ భాషలో దాన్ని మామూలుగా ప్రొసీజర్‌కు అందిస్తే నకలు వెళ్లదు, అసలే చేతికి చిక్కుతుంది. కాన్‌స్ట్ అని రాసి ఉంటే, ప్రోగ్రాంలో తప్పులు పట్టే కంపైలర్ దాన్ని మార్చనివ్వదు. ఆ కాపలా పోయింది. ప్రొసీజర్ అసలునే చెరిపింది, ప్రోగ్రాం ఆ చెరిపినదాన్నే ఫైల్లో భద్రపరిచింది.

"అది గోల కాదు తాతగారూ. వద్దని మొత్తుకుంది."

అప్పటికే ఆపరేషన్ గదికి ఫోన్ కలిపింది.

"చెప్పమ్మా," అంది నర్సు. "ఇప్పుడే ఇంజెక్షన్ ఇస్తున్నాం."

"పెన్సిలినా?"

"అవును."

"ఆపండి. మా అక్కకి పడదు."

"తెర మీద ఏం లేదే?"

"తెర తప్పు. ఆపండి."

ట్రేలో ఏదో పెట్టిన చప్పుడు. "ఆపాం తల్లీ. చుక్క మందు కూడా లోపలికి వెళ్లలేదు."

"మంచిది," అంది చెల్లెలు. ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. ఎవరి అక్క గురించో విన్నట్టుంది.

"గండం గడిచింది," అన్నాడు తాతగారు, మొహం తుడుచుకుంటూ. "టీ తెప్పించనా?"

"నిన్నటి నుంచి ఎంతమందికి పట్టీలు కొట్టారు?"

ఆయన ముద్రించిన పట్టీల జాబితా తెరిచి, కిందికి జరుపుతూనే ఉన్నాడు.

"కాన్‌స్ట్ మళ్లీ పెట్టండి. లోపల నకలు తీసుకుని, చెరిపేదేదో అందులో చెరపండి. నేను వార్డులకు ఫోన్ చేస్తా."

మొదటి వార్డులో కుర్ర నర్సు ఎత్తింది.

"ఎవరికీ కొత్త మందు ఇవ్వకండి. ఏ మందు పడదో ఒక్కొక్కరినీ నోటితో అడగండి."

"మొదటి మంచం ఆయన నిద్రపోతున్నాడు మేడం. ఇందాకే ఇంజెక్షన్ ఇచ్చాం. లేపమంటారా?"

"లేపండి," అంది. ఫోన్ చెవికి ఆనించుకుని, ఖాళీ గడి వైపు చూస్తూ కూర్చుంది.