నోరా లేక్‌కి నీళ్ళొచ్చిన ఏడాది

క్వీన్స్‌లాండ్‌లో మార్చి నెలాఖరున కురిసిన వాన, దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో ఉన్న నోరా లేక్ చేరడానికి రెండు నెలలు పట్టింది. మనిషి నడక కన్నా నెమ్మదిగా, ఎండిపోయిన వాగుల వెంట, దారిలో ఉన్న ప్రతి గుంటనీ నింపుకుంటూ వచ్చాయి ఆ నీళ్ళు. కనకరాజు రోజూ పనిలోకి వెళ్ళే ముందు ఫోన్‌లో ఉపగ్రహ ఫోటోలు చూసేవాడు. నీలం గీత గోరంత పెరిగితే ఆ రోజంతా హుషారుగా ఉండేవాడు. మే చివరి వారంలో కోలిన్ ఫోన్ చేశాడు. నోరా లేక్ ఉన్న పశువుల స్టేషన్‌కి, అంటే వేల ఎకరాల మేత భూమికి, అతను మేనేజరు. లేక్ నిండిందనీ, బాతులు కూడా దిగాయనీ రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశాడు.

కనకరాజుకి నలభై ఆరేళ్ళు. గనుల క్యాంపులో వంటవాడు. కొల్లేటి లంకలో పుట్టి, వంట కోర్సు చదవడానికి అడిలైడ్ వచ్చి, శాశ్వత నివాసం, పీఆర్ కోసం ఎవరూ పోని ఊరు వెతుక్కుని ఈ ఎడారి చేరాడు. పదేళ్ళ కిందట నోరా లేక్ ఒకసారి నిండింది. అప్పుడు అతనూ, అదే క్యాంపులో పనిచేసే జగిత్యాల వెంకటూ లైసెన్సులు తీసుకుని బాతుల వేటకి వెళ్ళారు. కుక్క లేదు. పడిన బాతుల్లో సగం నీళ్ళలో చిక్కుపుల్లలుగా పెరిగే లిగ్నమ్ పొదల్లో ఇరుక్కుని దొరకలేదు. కొల్లేట్లో పరజ బాతుల మధ్య పెరిగినవాడికి, చంపిన పిట్టని నీళ్ళలో వదిలేసి రావడం తప్పు చేసినట్టనిపించింది. ఆ నెలలోనే ఒక లాబ్రడార్ పిల్లని కొన్నాడు. పడిన పిట్టని పన్ను దిగకుండా నోట పట్టుకుని తెచ్చే జాతి అది. ఆరేళ్ళ కూతురు అపూర్వ దానికి పింకీ అని పేరు పెట్టింది.

ఆ తర్వాత లేక్ ఎండిపోయింది. మళ్ళీ నిండలేదు.

కనకరాజు మాత్రం పింకీకి నేర్పడం ఆపలేదు. సెలవు దొరికితే ఆ ఎండిన లేక్‌కే తీసుకెళ్ళి, పగిలిన మట్టి మీద గుడ్డ బొమ్మ విసిరి తెప్పించేవాడు. ఈత ఊరి చివర మురుగునీరు శుద్ధిచేసే చెరువులో నేర్పాడు. ఈలోగా వెంకట్ పెర్త్ వెళ్ళి హారిస్‌డేల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. అపూర్వ హైస్కూలుకి వచ్చిందని భార్య అమృత అడిలైడ్‌లో ఉద్యోగం చూసుకుంది. ఏడాదికే అనుకున్నారు. నాలుగేళ్ళయింది. పోట్లాటేమీ లేదు. అతను వెళ్ళడం నెలకోసారి నుంచి మూడు నెలలకోసారికి వచ్చింది, అంతే. పింకీకి పదేళ్ళు నిండాయి. మూతి తెల్లబడింది, చెవులు మందగించాయి. అది ఒక్క బాతుని కూడా నిజంగా చూడలేదు.

కోలిన్ ఫోన్ పెట్టేయగానే కనకరాజు వెంకట్‌కి చేశాడు. వెంకట్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. టికెట్ చూస్తానన్నాడు, పాత తుపాకి ఇంకా ఉందన్నాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ చేశాడు.

"నారాజ్ గాకురా. ఆఫీస్‌ల ఆడిట్ నడుస్తున్నది, లీవ్ ఇస్తలేరు. వచ్చేసారి పక్కా వస్త," అన్నాడు.

వచ్చేసారి ఎప్పుడొస్తుందో ఇద్దరికీ తెలియదు. కనకరాజు పర్లేదన్నాడు. జూన్ మొదటి వారం షిఫ్టు దిగగానే తన చిన్న ట్రక్కు, యూట్‌లో నీళ్ళ డబ్బాలూ, బియ్యమూ, తుపాకీ, స్టీలు గుండ్ల తూటాలూ సర్దుకుని, పింకీని పక్క సీట్లో ఎక్కించుకుని బయల్దేరాడు.

మూడు వందల కిలోమీటర్లు. స్టేషన్ ఇంటి దగ్గర కోలిన్ టీ ఇచ్చి, పింకీ తల నిమిరి, అసలు సంగతి చెప్పాడు. నీళ్ళ వెంట ఎలుకలొచ్చాయి, ఎలుకల వెంట పాములొచ్చాయి, ఇక్కడి జూన్ చలికాలం మొదలైనా ఇంకా తిరుగుతున్నాయి. దూడల్ని డింగోలనే అడవి కుక్కలు పీక్కు తింటున్నాయని ఏప్రిల్‌లో లేక్ చుట్టూ విషం పెట్టిన మాంసం ముక్కలు వేశారు. అవి ఇంకా అక్కడే పడి ఉంటాయి. ఆ విషానికి విరుగుడు లేదు. కుక్క నేల మీద ఉన్నంతసేపూ మూతికి చిక్కం ఉండాల్సిందే. చివర్లో కోలిన్ లోపలికెళ్ళి ఒక చిన్న సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. చాకలిసోడా పలుకులు. ఎప్పుడైనా అనుమానం వస్తే మింగిస్తే కక్కుతుందన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున కనకరాజు పింకీని తయారు చేశాడు. లిగ్నమ్ పుల్లలు పొట్టలో గుచ్చుకోకుండా, చన్నీళ్ళలో వణక్కుండా, తేలడానికి ఆసరాగా మందపాటి రబ్బరు చొక్కా తొడిగాడు. పల్లేరుకాయలు దిగకుండా కాళ్ళకి జోళ్ళు కట్టాడు. ఆఖరున మూతికి చిక్కం. అది అన్నిటికీ ఓపిగ్గా కాలు ఎత్తింది. తను మోకాళ్ళ దాకా పాము కాటు దిగని తొడుగులు వేసుకుని, తుపాకి మోత తగలకుండా చెవులకి మఫ్‌లు, కళ్ళకి అద్దాలు పెట్టుకున్నాడు. ఇద్దరూ యుద్ధానికి వెళ్తున్నట్టున్నారు. చూసి నవ్వడానికి అక్కడ ఎవరూ లేరు.

ఎర్రటి ఇసుక దిబ్బ ఎక్కేసరికి లేక్ కనిపించింది. పదేళ్ళుగా తను నడిచిన నేల అది. ఇప్పుడు అవతలి గట్టు దాకా నీళ్ళు. నీళ్ళ మీద వేలాది పిట్టలు. పింకీ ఆగిపోయింది. ముక్కు పైకెత్తి, ఒళ్ళంతా సన్నగా వణుకుతూ నిలబడింది. కనకరాజు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని దాని మెడ మీద చెయ్యి వేశాడు. ఎవరితోనైనా ఏదైనా అనాలనిపించింది. కాసేపటికి లేచి దిగువకి నడిచాడు.

నీళ్ళలో మోకాలికి మించని చోట ఒక పొద చాటున నిలబడ్డారు. నీళ్ళలో ఉన్నాంగదా అని చిక్కమూ, జోళ్ళూ తీసి జేబులో పెట్టుకున్నాడు. సూర్యుడు దిబ్బల మీదికి రాగానే బూడిద రంగు టీల్ బాతులు ఒక గుంపు తల మీదుగా వచ్చింది. రెండుసార్లు కాల్చాడు. రెండు పడ్డాయి.

పింకీ కదల్లేదు. పడిన చోటు చూసింది, అతని మొహం చూసింది. గుడ్డ బొమ్మ తప్ప ఇంకోటి ఎరగదు. కనకరాజు చెయ్యి చాచి చూపించి, "పింకీ, తే" అన్నాడు. అప్పుడు దూకింది. దగ్గర్లో పడిన బాతుని తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. ఒక్క ఈక చెదరలేదు. కనకరాజుకి కళ్ళు చెమర్చాయి. వంగి దాని తడి తల తన పొట్టకి అదుముకున్నాడు.

రెండోది చావలేదు. రెక్క విరిగి, ఈదుకుంటూ లోపలికి పోతోంది. పింకీ దాన్ని చూసి, చెప్పకుండానే వెళ్ళింది. బాతు మునిగి దూరంగా తేలుతుంది, కుక్క తిరుగుతుంది, మళ్ళీ మునుగుతుంది. అలా రెండూ నడి లేక్ దాటేశాయి. కనకరాజు ఈల వేశాడు. ఆ చెవులకి ఈల ఆనలేదు. చేతులు ఊపాడు. అది వెనక్కి చూడలేదు. అవతలి గట్టున పొదల్లో పింకీ పసుపు తల ఒక్కసారి కనబడి, మాయమైంది.

అతను జేబు తడుముకున్నాడు. చిక్కం అక్కడే ఉంది.

చుట్టూ తిరిగి వెళ్ళాలంటే నాలుగు కిలోమీటర్లు. తుపాకిలో తూటాలు తీసేసి, తడి బట్టలతో, కాళ్ళు ఇసుకలో దిగబడుతుంటే పరిగెత్తాడు, నడిచాడు, మళ్ళీ పరిగెత్తాడు. దారిలో రెండు చోట్ల ఎండి నల్లబడ్డ మాంసం ముక్కలు కనిపించాయి. ఒకదాని పక్కన చచ్చిన కాకి ఉంది. గంట దాటాక గట్టు మీద పింకీ అడుగులు దొరికాయి. నీళ్ళలోంచి బయటికొచ్చి, దిబ్బ పక్కనే అటూ ఇటూ తిరిగి, పొదల్లోకి వెళ్ళాయి.

అది పొద నీడలో పడుకుని ఉంది. ముందు కాళ్ళ మధ్య బాతు, ప్రాణంతోనే. అతన్ని చూసి తోక రెండుసార్లు నేలకేసి కొట్టింది. లేవబోయింది. వెనక కాళ్ళు లేవలేదు.

కనకరాజు ముందు బాతుని తీసుకుని మెడ విరిచి దాని బాధ తీర్చాడు. తర్వాత పింకీ నోరు తెరిచి వాసన చూశాడు. బురద వాసన. ఏమీ తేలలేదు. కాళ్ళు ఈతకి అలిసి పడిపోయాయో, విషానికో తెలియలేదు. బెల్టుకున్న శాటిలైట్ ఫోన్‌లో వెట్‌కి, అదే పశువుల డాక్టరుకి, చేశాడు. ఆవిడ ఐదు గంటల దూరంలో ఉంది. నిమ్మళంగా అన్నీ అడిగి, సోడా పలుకు మింగించమంది. మందు లేదని ఆవిడ కూడా చెప్పింది. బండిలో కుదిపితే ఇంకా ప్రమాదం, నీడలో కదలకుండా ఉంచమంది. పిచ్చిగా పరిగెత్తినా, కొట్టుకున్నా మళ్ళీ ఫోన్ చేయమంది. సాయంత్రం దాకా ఏమీ కాకపోతే బతికినట్టే అంది.

జేబులోని సీసా తీసి ఒక పలుకు మింగిస్తే పింకీ కక్కింది. రాత్రి పెట్టిన పెరుగన్నం మెతుకులు, నాలుగు ఈకలు, బురద నీళ్ళు. మాంసం కనబడలేదు. కానీ గంట పైనే అయింది, లోపల ఏముందో ఎవరు చెప్పగలరు? రబ్బరు చొక్కా విప్పి, తన కోటు కప్పి, దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పటికి ఉదయం తొమ్మిదిన్నర.

ఆ రోజంతా అక్కడే. ఈగలు తోలుతూ, టోపీతో నీళ్ళు తెచ్చి నాలిక తడుపుతూ, దాని పక్కటెముకలు లేస్తున్నాయా లేదా చూస్తూ. ఒకసారి కాళ్ళు టపటపా కొట్టుకుంటే ఫోన్ అందుకున్నాడు. కల కంటోంది. మధ్యాహ్నం నుంచి మాట్లాడడం మొదలుపెట్టాడు. లంకలో నాన్న దోనె గురించి చెప్పాడు. అపూర్వ దాన్ని బొమ్మల బండిలో పెట్టి ఊరంతా తిప్పిన సంగతి చెప్పాడు. అమృత వెళ్ళిన రోజు తను స్టవ్ ముందు నిలబడి, ఉండమని అడగాలనుకుని, కూరలో ఉప్పు చాలిందా అని అడిగిన సంగతి కూడా చెప్పాడు. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అంత తెలుగు అతను పైకి మాట్లాడి ఎన్ని నెలలయిందో అతనికే గుర్తులేదు. గొంతు బొంగురుపోయింది.

పొద్దు వాలుతుంటే బాతులు మళ్ళీ లేచాయి. గుంపులు గుంపులుగా, రెక్కల గాలి తగిలేంత కిందికి వచ్చాయి. తుపాకి పక్కన ఇసుకలో ఉంది. అతను అటు చూడలేదు. పింకీ మాత్రం తలెత్తి చూసింది. రెండుసార్లు తుమ్మింది. ముందు కాళ్ళు, తర్వాత ఒకటొకటిగా వెనక కాళ్ళు కూడదీసుకుని లేచి, కుంటుకుంటూ వెళ్ళి నీళ్ళు తాగింది. కనకరాజు లేవబోతే అతని కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేదు. అలాగే కూర్చుని ఏడ్చాడు.

ఇద్దరూ బండి దగ్గరికి చేరేసరికి బాగా చీకటిపడింది. సగం దూరం అతనే దాన్ని భుజాల మీద మోశాడు.

మూడు రోజుల తర్వాత వెట్ పింకీ గుండె విని, విషం తినలేదుగానీ గుండె పెద్దదయిందని చెప్పింది. ఈత వద్దంది, పూటపూటకీ మాత్ర వెయ్యాలంది, గంటల తరబడి ఒంటరిగా వదలొద్దంది. ఆ సాయంత్రం అపూర్వకి ఫోన్ చేశాడు. వేట అంటే ఆ పిల్లకి పడదు. ఆ విషయంలో నాన్నతో మాటలు మానేసిన రోజులున్నాయి. తిడుతుందనుకుని అంతా దాచకుండా చెప్పాడు. అపూర్వ తిట్టలేదు. 

"డాడ్, నువ్వు వర్క్‌లో ట్వెల్వ్ అవర్స్ ఉంటావ్," అంది. "హూ ఈజ్ విత్ హర్?"

"ఎవరుంటారమ్మా. నేనొచ్చేదాకా తలుపు దగ్గర పడుకుంటది."

"బ్రింగ్ హర్ హియర్. మమ్మీ నైట్ షిఫ్ట్స్, నేను ఆఫ్టర్ స్కూల్. సమ్‌వన్ విల్ ఆల్వేస్ బి హోమ్."

ఆలోచిస్తానన్నాడు. ఆలోచించడానికేం లేదని ఫోన్ పెట్టకముందే తెలుసు.

ఆదివారం తీసుకెళ్ళాడు. అడిలైడ్‌లో అమృత పప్పుచారు, దొండకాయ వేపుడు చేసింది. మాత్రలు ఏ పూట ఏది వెయ్యాలో అతను రాసిచ్చిన కాగితం ఫ్రిజ్‌కి అంటించింది. పింకీ ఇల్లంతా వాసన చూసి, అపూర్వ మంచం పక్కన దుప్పటి మీద చోటు చూసుకుని పడుకుంది. నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నట్టు. అపూర్వ నేల మీద దాని పక్కనే బోర్లా పడుకుని, ఆ తెల్లబడ్డ మూతిని వేలితో రాస్తోంది. కనకరాజు గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. ఇద్దరిలో ఎవరూ తల తిప్పలేదు.

బయటికి వచ్చేటప్పుడు అమృత బండి దాకా వచ్చింది.

"ఈ ఊళ్ళో కూడా వంటవాళ్ళు కావాలండీ," అంది, అతని మొహం చూడకుండా.

"డిసెంబర్ దాకా కాంట్రాక్ట్ ఉంది."

"సరే. డిసెంబర్ కదా," అంది ఆవిడ.   కూర డబ్బా సీటు మీద పెట్టి లోపలికెళ్ళింది.

పోర్ట్ అగస్టా దాటాక ఇళ్ళు అయిపోయి ఖాళీ నేల మొదలైంది. చలిగాలి మొహాన కొడుతుంటే అప్పుడు గమనించాడు, పక్క సీటు అద్దం సగానికి దించి ఉంది. పొద్దున వచ్చేటప్పుడు పింకీ తల బయట పెడుతుందని తనే దించాడు. స్విచ్ మీద వేలు పెట్టాడు. మళ్ళీ తీసేసి, కోటు బొత్తాలు పెట్టుకుని, అలాగే పోనిచ్చాడు.