అయిపోతాయన్న పాసులు

థీమ్ పార్కు ఏడాది పాసులు ‘కొన్నే మిగిలాయి’ అని వారం నుంచీ ఫోన్‌కి మెసేజ్‌లు వస్తున్నా టైలరమ్మ నమ్మలేదు. అదంతా జనాన్ని తొందరపెట్టే ఎత్తే అనుకుంది. చివరికి కూతురి పోరు పడలేక, అక్కడే టికెట్ కౌంటర్లో పనిచేసే ఆడపడుచుకి ఫోన్ చేసింది.

“నిజంగానే అయిపోతున్నాయి వదినా.”

“నీకేమన్నా కమిషన్ ముడుతుందా?”



“ముడుతుంది. అందుకే నీకు చెప్పడానికి నోరు రాలేదు. మేనకోడలికి మొన్ననే నా డబ్బుతో ఒకటి తీసి పెట్టాను,” అంది ఆడపడుచు.

టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. సాయంత్రం వెళ్ళేసరికి కౌంటర్ మీద ‘పాసులు లేవు’ అని బోర్డు వేలాడుతోంది. అయినా చేతికొచ్చిన పాసుని అటూ ఇటూ తిప్పి, కూతురి పేరూ తేదీ సరిచూసుకున్నాకే ఆడపడుచుని దగ్గరికి తీసుకుంది.