తిరిగిందో లేదో చెప్పే మోటారు

మిషన్ నడుస్తున్నంతసేపు ఇంట్లో మిక్సీ వేయకూడదని ప్రమోద్ రూలు పెట్టాడు. అతను మిషన్ నడిపేదేమో సరిగ్గా వంట వేళకే. ఆ పుణ్యమా అని మంజుల ఏడు నెలలుగా రోట్లో తొక్కు నూరుతోంది. మణికట్టు వాచిపోయి గాజులు తీసేసింది.

మగ్గం తీసేసిన ముందుగదిలో అతను సరదాకి పెట్టుకున్న సీఎన్సీ మిషనది. కంప్యూటర్లో బొమ్మ గీస్తే చెక్క మీద అదే చెక్కుతుంది. ఏ మోటార్లు కొనాలా అని నెలంతా ఫోన్లో వీడియోలు చూశాడు. నల్లగొండలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఫస్టు క్లాసులో పాసైన పెళ్లాం పక్కనే బట్టలు మడతపెడుతోంది. ఉండబట్టలేక అంది: "మామూలు స్టెప్పర్ మోటార్లు అద్దు. మిషన్ నడిపే బోర్డు తిరుగుమంటది గని, తిరిగిందో లేదో దానికి తెల్వది. గట్టి చెక్క తగిలి మోటారు ఆగితే గీత తప్పుతది. తిరిగిన సంగతి బోర్డుకు చెప్పే మోటార్లుంటయి, గవి తెద్దాం."

"అమ్మా, నీ కోడలు ఇంజనీరైంది సూడు!" అని ప్రమోద్ నవ్వాడు. అత్త ఉప్పలమ్మా నవ్వింది. మంజులకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది.

మామూలువే వచ్చాయి. అతని దోస్తు రాంచందర్ కొత్తింటికి పేరుపలక చెక్కుతుంటే సగంలో అక్షరాలు పక్కకు జరిగి, టేకు చెక్క కాస్తా పాడైంది. "మిక్సీ ఏసినవ్, కరెంటు గుంజింది!" అని ప్రమోద్ అరిచాడు. ఆ పూట ఆమె మిక్సీ ముట్టనేలేదు. ఆ మాట వినే చెవి ఆ ఇంట్లో ఏదీ?

ఈమధ్య రాంచందర్ వచ్చి, మంజుల చెప్పిన ముక్కే చెప్పాడు. "వాని బుర్రే బుర్ర" అని ప్రమోద్ మురిసిపోయి ఆ మోటార్లే తెప్పించాడు. వైర్లు కలపడం మాత్రం చేతకాలేదు. అతను డ్యూటీకి పోయాక మంజుల వైర్లు పరీక్షించే మీటరు పట్టుకుని మూడు మధ్యాహ్నాలు కూర్చుంది. మిషన్ గీత తప్పకుండా నడిచింది. "నేనే కట్టిన" అని అతను ఊరంతా చెప్పుకున్నాడు.

"ఇగ మిక్సీ ఏసుకోవచ్చు గదా?" అని ఆమె అడిగింది.

"ఎందుకు బిడ్డా, రోటి తొక్కుకు నోరు మరిగినం" అంది ఉప్పలమ్మ. నలభై ఏళ్లు కండెలు చుట్టి, నేసిన చీరలన్నీ మొగుడి పేరు మీద పోతుంటే చూస్తూ కూర్చున్న మనిషి. మంజులకు ముందు జాలేసింది. తర్వాత మండింది.

ఆదివారం రాంచందర్ తానూ కొత్తగా కొన్న మిషన్‌కు అవే మోటార్లు తెచ్చి, వైర్లు కట్టివ్వమన్నాడు. గంటలో కట్టేస్తానని ప్రమోద్ వైర్లు ముందేసుకున్నాడు. అరగంటకే వంటింట్లోకొచ్చి గొంతు తగ్గించాడు.

"నాలుగు వైర్లల్ల ఏది దేనికి జత? జర చెప్పు."

ముందుగది ఆరడుగుల దూరం. ఆ ఆరడుగులు దాటేలోపే తన మాట అతని మాటైపోతుంది. మంజుల రోట్లోంచి చెయ్యి తీసింది.

"రాంచందరన్నను ఇటు పిలువుండ్రి. ఆయనకే చెప్త."

"నా ఇజ్జత్ పోతది మంజులా!"

"ఏమైందిరా?" అని ముందుగదిలోంచి రాంచందర్ కేకేశాడు.

ప్రమోద్ నోరు తెరిచేలోపే మంజుల గుమ్మంలోకి వచ్చింది.

"అన్నా, ఈ మిషన్‌కు వైర్లు కట్టింది నేను."