మైల ఇంట్లో పూల ఉల్లి

మా ఆయన సత్యప్రసాద్ ఫోన్లో చూసి ఉల్లిపాయలు తెప్పించారు. కూరకి కాదు, పువ్వుకి. చలిదేశాల్లో తోటల్లో పెంచే పూల ఉల్లి అట. వాకిట్లో తులసికి చెంబెడు నీళ్లు పోసి ఎరగని మనిషి, వీటిని మాత్రం కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో కూరల అరలో పడుకోబెట్టారు.

"చలి తగిలితే గానీ పుయ్యవు భవానీ. తరవాత పెరట్లో పాతుదాం," అన్నారు.

రాజోలులో పాతిన దుంపకి కాశ్మీరం పువ్వు పూస్తుందా అని వీధంతా ఆటపట్టించింది. నేనూ నవ్వాను.

వాటి చలికాలం పూర్తికాకుండానే ఆయన గుండె ఆగిపోయింది. కాఫీ తాగుతూ పోయారు.

పనంతా మా పిన్నత్తగారు కనకరత్నం గారు నెత్తినేసుకున్నారు. పెద్దకర్మ అయ్యేదాకా మైల ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి తినరు. తినకపోవడమే కాదు, కంటికి కనపడకూడదని ఆవిడ పట్టు. బుట్టలోవీ ఫ్రిజ్‌లోవీ అన్నీ తీసి సంచిలో పోశారు. ఆ సంచి పట్టుకుని నిలబడింది నేనే. ఆయన దుంపలు అందులో పడుతుంటే చూశాను. ఇవి కూరవి కావండీ అంటే సరిపోయేది. ఆ పూట ఇల్లు ఎత్తుకుపోతున్నా పక్కకి జరిగి దారిచ్చేదాన్ని. ఆ సంచిని అంట్లు తోమే వీరమ్మకి ఇచ్చేశారు పిన్నత్తగారు.

పెద్దకర్మ అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. పాల కోసం ఫ్రిజ్ తెరిస్తే ఖాళీ అర కనిపించింది. ఆ పువ్వు చూడాలనిపించింది. అన్నం కూడా తినాలనిపించని దాన్ని, చెప్పులేసుకుని వీరమ్మ ఇంటికి బయల్దేరాను. ఏడాది దాకా ఎవరి గడపా తొక్కకూడదన్న మాటే గుర్తులేదు.

"అయ్యో, మీరొచ్చేరేంటండీ!" అని వీరమ్మ కంగారుపడింది. సంగతి విని తల దించుకుంది. "పులుసులో ఏసేనండి. రుచి కుదర్లేదు, పారబోసేనండి. ఒకటి మాత్రం మొలకొచ్చిందని, కాడలు కోసుకుందామని పాతేనండి."

పంపు పక్కన, బచ్చలిపాదు నీడలో, వెడల్పాటి ఆకులు రెండు వేసి ఉంది.

"పీకి ఇచ్చెయ్యమంటారాండీ?"

"వద్దు. కాడలు మాత్రం కొయ్యకు వీరమ్మా. పువ్వొస్తుంది."

"ఆయ్. ఏం రంగండీ?"

"ఊదా. బంతంత ఉంటుందట. మీ అయ్యగారు చెప్పేరు."

ఆ మాట అన్నాక గానీ, ఇక ఆయన నాకేమీ చెప్పరని తెలియలేదు. అక్కడే పంపు గట్టు మీద కూలబడి ఏడ్చాను.